కుండీలో ఆలుగడ్డ ఎప్పుడు తవ్వాలి? ఎలా తెలుసుకోవాలి?

సంక్రాంతి దాటిందంటే మిద్దె తోటల వాళ్ళు అడిగే ప్రశ్న ఇదే: "ఆలుగడ్డ మొక్క ఆకులు పసుపు పడుతున్నాయి, తవ్వేయొచ్చా?" వంకాయో టమాటానో అయితే కంటికి కనబడుతుంది, కోసుకుంటాం. దుంప మట్టిలో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఊహ మీదే పని నడుస్తుంది. తొందరపడి గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) బోర్లించినవాళ్ళకు గోలీలంత దుంపలు దొరుకుతాయి. ఇంకా ఊరనిద్దామని మార్చి దాకా ఆగినవాళ్ళు కుళ్ళినవి ఏరుకుంటారు. రెండు రకాల నష్టమూ తప్పించుకోవచ్చు, కష్టమేమీ కాదు.

ముందుగా ఒక సంగతి. చల్లటి దేశాల వాళ్ళు చేసే వీడియోల్లో "మొక్క మొత్తం ఎండిపోయే దాకా ఆగండి" అంటారు. అక్కడ అది సరే, వాళ్ళ పంటకాలం చలివైపు పోతూ ముగుస్తుంది. తెలంగాణ, ఆంధ్రల్లో మన పంట చలిలో మొదలై ఎండల్లోకి పోతుంది. నేలలో వేసిన దుంపకు చుట్టూ చల్లటి మట్టి రక్షణగా ఉంటుంది, మిద్దె మీద బ్యాగుకు అది లేదు. ఫిబ్రవరి ఆఖరుకల్లా మధ్యాహ్నం పూట బ్యాగ్ గోడ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. కాబట్టి మన దగ్గర మొక్క చెప్పే గుర్తులతో పాటు ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. ఈ వ్యాసం అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

కావలసినవి

- నాటిన తేదీ, మొలక పైకి వచ్చిన తేదీ, రకం పేరు రాసిన చీటీ. ప్రతి బ్యాగుకూ విడిగా ఉండాలి.
- పదునైన కత్తెర.
- అడుగున్నర పొడవున్న ఎండు పుల్ల. పాలిష్ లేని చెక్కదై ఉండాలి, తేమ చూడటానికి.
- బరకం గానీ పాత దుప్పటి గానీ, బ్యాగ్ బోర్లించడానికి.
- రెండు తట్టలు: ఒకటి నిల్వ దుంపలకు, ఒకటి దెబ్బ తిన్నవాటికి.
- రెండు మూడు పాత గోనెసంచులు.
- వీలైతే మట్టిలో గుచ్చే థర్మామీటరు. లేకపోయినా పని ఆగదు.

పార, గడ్డపలుగు, కోసుగా ఉండే చేతి తవ్వుగోల లాంటివి వద్దు. కుండీలో దుంపకు ఎక్కువగా దెబ్బ తగిలేది వాటి వల్లే.

1. రోజులు లెక్కపెట్టండి, కానీ రకాన్ని బట్టి

మన దగ్గర దొరికే విత్తన దుంపల్లో ఎక్కువ భాగం పేరు ముందు 'కుఫ్రీ' అని ఉంటుంది. కుఫ్రీ పుఖ్రాజ్, కుఫ్రీ ఖ్యాతి, కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ లవ్కర్ తొందరగా వచ్చే రకాలు. నాటిన 75 నుంచి 90 రోజుల్లో తయారవుతాయి. కుఫ్రీ సూర్య కూడా దాదాపు ఇంతే సమయం తీసుకుంటుంది, పైగా వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ బహార్‌లకు 90 నుంచి 100 రోజుల పైన పడుతుంది. ఎర్ర తొక్క ఉండే కుఫ్రీ సింధూరికి 110 నుంచి 120 రోజులు కావాలి. ఇది మన మిద్దెల మీద వేయవలసిన రకం కాదు, దుంప ఊరే సమయానికి ఎండలు వచ్చిపడతాయి.

మార్కెట్‌లో కూరకు కొన్న దుంపను నాటారా? రకం తెలియదు కాబట్టి 80 రోజులు అనుకుని మొదలుపెట్టండి. మిగతాది ఆకును చూసి సరిచేసుకోవచ్చు.

ఒక ఉదాహరణ. నవంబర్ 5న పుఖ్రాజ్ నాటారు. జనవరి 4కి 60 రోజులు. ఆ రోజు నుంచి గమనించడం మొదలుపెట్టాలి, తవ్వడం కాదు. జనవరి 19కి 75 రోజులు, ఆకు గుర్తులు సరిపోతే నీళ్ళు ఆపే సమయం. జనవరి 26 ప్రాంతంలో కాడలు కోస్తే ఫిబ్రవరి 6, 7 తేదీలకు దుంప చేతికొస్తుంది. ఈ తేదీలను చీటీ మీద ముందే రాసిపెట్టుకుంటే తొందరపాటు తగ్గుతుంది.

మొలక పైకి రావడం 20 రోజులకు మించి ఆలస్యమైతే, ఎన్ని రోజులు ఆలస్యమైందో అన్ని రోజులూ లెక్కకు కలపండి. కళ్ళు (దుంప మీద మొలక వచ్చే గుంటలు) విచ్చని దుంపను నాటినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇదే లెక్క చివర ఒక గట్టి గీత గీయాలి, అదే ఆఖరు తేదీ. విజయవాడ, రాజమండ్రి, నెల్లూరు వైపు ఉన్నవాళ్ళకు ఫిబ్రవరి మధ్య, హైదరాబాద్, వరంగల్, జహీరాబాద్ వైపు వాళ్ళకు ఫిబ్రవరి ఆఖరు. మదనపల్లె, అరకు లాంటి చల్లటి చోట్ల ఇంకో రెండు వారాలు ఆగవచ్చు. ఆ తేదీ దాటాక మొక్క ఎంత పచ్చగా ఉన్నా దుంప పెద్దగా ఊరదు. దుంప పట్టడానికి, పెరగడానికి రాత్రిళ్ళు చల్లగా ఉండాలి, 20 డిగ్రీల లోపు ఉంటే మంచిది. అది పోయాక మొక్క తన బలాన్ని ఆకులకే పెడుతుంది.

2. ఆకును కింది నుంచి చూడండి

ముదిరే మొక్క కింది ఆకుల నుంచి పండుబారుతుంది. మొదట కుండీ మట్టికి దగ్గరగా ఉన్న ఆకులు లేత పసుపు అవుతాయి, తర్వాత నడిమి ఆకులు, ఆఖరున కొస. దీంతో పాటే కాడలు నిలబడే సత్తువ పోయి పక్కకు వాలతాయి. కొత్త చిగురు రావడం ఆగిపోతుంది. ఈ మూడూ కలిసి కనబడాలి. ఒక్క పసుపు చాలదు.

మొక్కలో సగం ఆకులు పండాయంటే దుంప దాదాపు పూర్తి సైజుకు వచ్చినట్టు. మిగిలిన సగం కూడా పండితే బరువు ఇంకాస్త కలుస్తుంది. జనవరిలో అయితే ఆ కాస్త కోసం ఆగండి. ఫిబ్రవరి మూడో వారంలో అయితే ఆగవద్దు.

పూత గురించి. "పూలు పూసిన రెండు మూడు వారాలకు లేత దుంపలు తయారు" అనే మాట చాలాచోట్ల వింటాం. ఆ మాట తప్పు కాదు, కానీ మన చలికాలంలో పగటి పొద్దు తక్కువ కాబట్టి చాలా రకాలు పూయకుండానే పంట ముగిస్తాయి, లేదా మొగ్గలు రాలిపోతాయి. పూత రాలేదని దుంప పడలేదనుకోకండి. పూసి, చిన్న పచ్చి టమాటా లాంటి కాయలు కాసినా వాటికీ తవ్వే సమయానికీ సంబంధం లేదు. ఆ కాయలు విషం. పిల్లలున్న ఇంట్లో కనబడగానే తుంచి పారేయండి.

3. ఆ పసుపు వయసుదా, రోగానిదా తేల్చండి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. 45వ రోజున పసుపు పడిన మొక్కను 'పంటకొచ్చింది' అనుకుని తవ్వేస్తారు. ఇలా పోల్చి చూడండి.

60 రోజుల లోపే కింది ఆకులు సమంగా పాలిపోయి, మొక్క మొత్తం లేత రంగులో ఉంటే అది నత్రజని లోపం. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువ వేసిన మట్టిలో తరచూ వస్తుంది. 55 రోజుల లోపైతే గుప్పెడు మాగిన వర్మీకంపోస్టు వేసి పైమట్టిలో కలపండి. 60 దాటాక ఎరువు వేయకండి. మొక్క మళ్ళీ పచ్చబడి దుంప ముదరడం వెనక్కి పోతుంది.

ఆకులు పసుపు పడి, మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటే వేళ్ళకు గాలి అందడం లేదు. పుల్లను అడుగు దాకా గుచ్చి ఐదు నిమిషాలు ఉంచి తీయండి. కింది సగం నల్లగా తడిసి వస్తే నీళ్ళు ఆపి, బ్యాగ్ అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి.

ఆకు అడుగున నల్లి, పేనుబంక ఉన్నాయేమో తిప్పి చూడండి. నల్లి పడితే ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు మొదలై కంచు రంగులోకి మారుతుంది. వయసు పసుపు ఇలా చుక్కలుగా రాదు.

గోధుమరంగు మచ్చలు, వాటిలో ఒకదాని లోపల ఒకటిగా వలయాలు ఉంటే అది ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు. కింది ఆకుల్లో కొద్దిగా ఉంటే ఆ ఆకులు తుంచేసి కొనసాగించవచ్చు. ఆకు అంచుల్లో నీటితో తడిసినట్టున్న ముదురు మచ్చలు, తెల్లవారుజామున ఆకు అడుగున తెల్లటి బూజు కనబడితే అది ఆలస్యంగా వచ్చే ఆకుమాడు తెగులు. ఇది వారంలో మొక్కను తినేస్తుంది. 60 రోజులు దాటి ఉంటే ఆ రోజే కాడలన్నీ మట్టి మట్టం దాకా కోసి దూరంగా పారేయండి. దుంపల్ని మాత్రం వెంటనే తీయకండి, రెండు వారాలు పొడి మట్టిలో ఉంచి తర్వాత తీయండి. వెంటనే తీస్తే ఆకుల నుంచి మట్టి మీద రాలిన తెగులు దుంపలకు అంటి నిల్వలో కుళ్ళుతాయి.

మొక్క పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడి, నీళ్ళు పోసినా లేవకపోతే బ్యాక్టీరియా ఎండు తెగులు అనుమానించాలి. కాడను మట్టికి దగ్గరగా కోసి, కోసిన ముక్కను గాజు గ్లాసు నీళ్ళలో కొస మునిగేలా కదలకుండా పట్టుకోండి. ఆ తెగులే అయితే కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారాలు నీళ్ళలోకి దిగుతాయి. దిగితే ఆ బ్యాగ్ వెంటనే ఖాళీ చేయండి. బాగున్న దుంపలు కూరకు వాడుకోవచ్చు, విత్తనానికి వద్దు. ఆ మట్టిని టమాటా, వంగ, మిరపలకు వాడకండి.

4. చేయి పెట్టి తడిమి చూడండి

60 నుంచి 65 రోజులు దాటాక ఈ పరీక్ష చేయవచ్చు. కుండీలో పెంచినవాళ్ళకున్న సౌకర్యం ఇది, పొలంలో ఇంత తేలిగ్గా కుదరదు.

ఉదయం పూట, మట్టి కొంచెం తడిగా ఉన్నప్పుడు, కాడకు నాలుగైదు అంగుళాల దూరంలో వేళ్ళు నిలువుగా దించండి. కాడ మొదట్లో దించితే వేళ్ళు తెగుతాయి. దుంపలు ఎక్కువగా మీరు నాటిన విత్తన దుంప ఉన్న లోతు నుంచి, దాని పైన ఎగదోసిన మట్టిలో ఉంటాయి. బ్యాగ్ అడుగున వెతకనక్కరలేదు. పైపైన మట్టి పోసుకుంటూ పోతే అంతస్తులుగా దుంపలు పడతాయని చెప్పేది మన తొందర రకాల్లో జరగదు. ఒక్క వరసగానే పడతాయి.

వేలికి గుండ్రంగా తగిలిందాన్ని లాగకుండా తడిమి సైజు చూడండి. కోడిగుడ్డంత ఉంటే లేత దుంపగా తినడానికి పనికొస్తుంది. నిమ్మకాయ కంటే చిన్నగా ఉంటే మట్టి కప్పేసి పది రోజుల తర్వాత చూడండి. ఒక బ్యాగులో ఒక చోటే చూసి తేల్చకండి, ఎదురెదురుగా రెండు చోట్ల చూడండి. రెండింటిలో ఏదీ తగలకపోతే మొక్కకు నీడ ఎక్కువైందో, నత్రజని ఎక్కువైందో, ఆలస్యంగా నాటారో ఆలోచించాలి.

మెత్తగా, జారుడుగా, వాసన వచ్చేది ఒకటి తగిలితే కంగారు పడకండి. చాలాసార్లు అది మీరు నాటిన పాత విత్తన దుంపే. దాని పక్కనున్న కొత్తవి గట్టిగా ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

చూశాక మట్టిని మళ్ళీ కప్పి, పైన రెండు అంగుళాలు అదనంగా వేసి, కొద్దిగా నీళ్ళు చల్లండి. వెలుతురు తగిలేలా వదిలేస్తే ఆ దుంప పచ్చబడుతుంది.

5. లేతవి కావాలా, నిల్వకు కావాలా?

లేత దుంపలు కావాలంటే ఇక్కడితోనే తవ్వే పని మొదలైనట్టే. ఒక్కో మొక్క దగ్గర పెద్దవి రెండు మూడు తీసుకుని మిగతావి పెరగనివ్వండి. వీటి తొక్క పలచగా ఉంటుంది, గోటితో గీస్తే ఊడుతుంది. రెండు మూడు రోజుల్లో వండుకోవాలి, నిల్వ ఉండవు. ఉడికిస్తే చిదరకుండా ముక్క నిలుస్తుంది, అందుకే వేపుడు, దమ్ ఆలూలకు బాగుంటాయి. మెత్తగా మెదిపే పూరీ కూరకు ముదురు దుంపే కావాలి.

ఒకటి రెండు బ్యాగులే ఉన్నవాళ్ళకు మా సలహా: నిల్వ ఆలోచన పెట్టుకోకుండా ఇలాగే వారం వారం తీసుకుని తినండి. నాలుగు బ్యాగుల పైన ఉంటే సగం లేతగా, సగం ముదరబెట్టి తీసుకోండి.

6. నీళ్ళు ఆపండి

సగం ఆకులు పండి, రోజుల లెక్క కూడా సరిపోయాక నీళ్ళు పూర్తిగా ఆపేయాలి. ఒక రోజు మాని ఒక రోజు పోయడం, 'పాపం వాడిపోతోంది' అని చెంబెడు పోయడం వద్దు. ఎండబెట్టి మళ్ళీ తడిపితే ఆగిపోయిన దుంప మళ్ళీ పెరగడం మొదలుపెట్టి బొడిపెలు వేస్తుంది, పగుళ్ళిస్తుంది. ముదిరిన తొక్క కూడా మళ్ళీ మెత్తబడుతుంది.

ఎర్రమట్టి ఎక్కువున్న 15 అంగుళాల గ్రో బ్యాగ్ మిద్దె మీద ఐదారు రోజుల్లో పొడిబారుతుంది. కోకోపీట్ మూడో వంతు పైన ఉంటే పది రోజులు పట్టవచ్చు. పైన పొడిగా కనబడి అడుగున తడిగా ఉండటం కోకోపీట్‌కు అలవాటు. పుల్ల గుచ్చి చూడండి. అడుగు దాకా దించి తీస్తే మట్టి అంటకుండా రావాలి.

నీళ్ళు ఆపిన రోజే రెండు పనులు చేయండి. మట్టి ఎండుతూ పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోంచి వెలుతురు, దుంప తొలిచే పురుగు తల్లి రెండూ లోపలికి పోతాయి. అందుకని పైన రెండు అంగుళాల పొడి మట్టి వేయండి. ఎండ తగిలే వైపు బ్యాగ్ చుట్టూ గోనె కట్టండి. పలచటి తెల్ల ప్లాస్టిక్ బ్యాగులు, కోసి వాడిన 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు అయితే ఇది తప్పనిసరి. వాటి గోడల్లోంచి వెలుతురు పోయి, గోడకానిన దుంపలన్నీ ఒక వైపు పచ్చబడతాయి.

థర్మామీటరు ఉంటే మధ్యాహ్నం 2 గంటలప్పుడు నాలుగు అంగుళాల లోతున గుచ్చి చూడండి. 28 డిగ్రీలు దాటి రోజూ పైకే పోతుంటే మిగతా మెట్లను కుదించండి. ఆ వేడిలో దుంపకు బొగ్గుకుళ్ళు అనే తెగులు పట్టే ప్రమాదం పెరుగుతుంది, దుంప కళ్ళ చుట్టూ నల్లబడటంతో అది మొదలవుతుంది.

7. కాడలు కోయండి

నీళ్ళు ఆపిన వారానికి, మట్టి పొడిబారాక, కాడలను మట్టికి ఒక అంగుళం పైన కత్తిరించండి. పీకకండి. పీకితే దుంపలు పైకి లేచి ఎండకు పడతాయి.

కాడ కోశాక దుంపకు ఇక పెరుగుదల ఉండదు. తొక్క మాత్రం ముదురుతుంది. అందుకు 10 నుంచి 12 రోజులు చాలు. 15 దాటనివ్వకండి. కోసిన కాడల దగ్గర మళ్ళీ చిగుళ్ళు వస్తే గిల్లేయండి, వదిలేస్తే దుంపలోంచే బలం తీసుకుంటాయి.

వాన సూచన ఉంటే బ్యాగులను సన్‌షేడ్ కిందికో మెట్ల గదిలోకో జరపండి. జరపలేనంత బరువుంటే పైన బరకం కప్పి, వాన ఆగగానే తీసేయండి.

8. తొక్క పరీక్ష

పదో రోజున చేయి పెట్టి ఒక పెద్దది, ఒక మధ్యరకం దుంప తీయండి. మట్టి దులిపి, బొటనవేలి కండతో గట్టిగా ఒత్తి పక్కకు రుద్దండి. గోరు వాడకండి. మూడు చోట్ల రుద్దండి.

తొక్క ఎక్కడా జారకపోతే బ్యాగ్ బోర్లించవచ్చు. అక్కడక్కడ పొట్టులా లేస్తే మూడు నాలుగు రోజులు ఆగండి. రుద్దిన చోటల్లా జారిపోతే ఐదు రోజులు ఆగండి. వేడి వచ్చేసి ఆగే వీలు లేకపోతే తీసేసి, వాటిని ముందుగా వండుకునేవాటిలో కలపండి.

ఇంకో గుర్తు కూడా చూడండి. ముదిరిన దుంప, దాన్ని మొక్కకు కలిపే తెల్లటి వేరులాంటి తొడిమ నుంచి వేలితో అంటేనే విడిపోతుంది. లాగితే గానీ రాకపోతే ఇంకా పచ్చిదే.

తొక్క మీద తెల్లటి పొక్కుల్లా చిన్న చిన్న చుక్కలు ఉబ్బి కనబడుతున్నాయా? అవి దుంప గాలి పీల్చుకునే రంధ్రాలు. మట్టిలో తడి ఎక్కువైతే అలా ఉబ్బుతాయి. ఇంకా అడుగున తేమ ఉందని అర్థం. ఆ దుంపలు తినడానికి బాగుంటాయి, నిల్వలో మాత్రం ముందుగా కుళ్ళుతాయి.

9. బ్యాగ్ బోర్లించండి

ఉదయం 9 లోపు గానీ, సాయంత్రం ఎండ తగ్గాక గానీ చేయండి. నీడలో బరకం పరిచి, బ్యాగ్‌ను పక్కకు వాల్చి మెల్లగా జారేలా వంచండి. పై నుంచి కుమ్మరిస్తే ఒకదానికొకటి తగిలి లోపల కమిలిపోతాయి. ఆ దెబ్బ బయటికి కనబడదు, వారం తర్వాత కోస్తే లోపల నల్లటి మచ్చగా తేలుతుంది.

మట్టి ముద్దను చేతులతో విడదీసి ఏరండి. బఠాణీ గింజంత దుంపలు కూడా వదలకండి. పెయింట్ డబ్బాల్లో, సిమెంట్ కుండీల్లో పెంచినవాళ్ళు డబ్బా వంచే ముందు గోడల చుట్టూ చేత్తో మట్టి వదులు చేసుకోవాలి. చాలా దుంపలు గోడకు ఒరుసుకుని ఉంటాయి.

కడగకండి. కడిగినవి ఆ వారంలోనే వాడుకోవాలి. అంటిన మట్టి ఆరాక దానంతట అదే రాలుతుంది.

10. ఏరి, నీడలో ఆరబెట్టి, ఆ తర్వాత నిల్వ

తెగినవి, పగిలినవి, తొక్క ఊడినవి వేరే తట్టలో వేయండి, ముందు అవి వండుకోండి. కుళ్ళిన వాటిని మంచివాటికి తగలనివ్వకండి. పచ్చబడినవాటిలో చేదైన విషపదార్థం ఉంటుంది, ఉడికించినా వేయించినా పోదు. కొద్దిగా పచ్చగా ఉంటే ఆ భాగాన్ని లోతుగా కోసి తీసేయవచ్చు. సగం పచ్చబడితే, నోట్లో చేదు తగిలితే మొత్తం పారేయండి. పిల్లలకు అలాంటివి అసలు పెట్టవద్దు.

మిగతావాటిని ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా ఉండేచోట గోనె మీద ఒకే వరసగా పరచండి. మంచం కింద నేల దీనికి బాగుంటుంది. పైన ఇంకో గోనె కప్పండి. 10 నుంచి 14 రోజుల్లో చిన్న గాట్లు మానిపోతాయి, తొక్క ఇంకా గట్టిపడుతుంది. ఎండలో ఆరబెట్టడం, ఫ్యాన్ గాలి సూటిగా తగలనివ్వడం వద్దు, ముడతలు పడతాయి.

తర్వాత గంపలోనో, గాలాడే సంచిలోనో వేసి చీకట్లో పెట్టండి. ఉల్లిపాయల పక్కన వద్దు. ఫ్రిజ్ కూడా వద్దు. ఆ చలికి దుంపలోని పిండి చక్కెరగా మారి, వేయిస్తే నల్లబడుతుంది, కూర తియ్యగా అవుతుంది. దుంప తొలిచే పురుగు భయం ఉన్నచోట, దుంపల కిందా పైనా ఎండిన వేప గానీ నీలగిరి గానీ ఆకులను వేలు మందంలో పరచండి. ఆ పురుగు ఎక్కువగా దుంప కళ్ళ దగ్గరే గుడ్లు పెడుతుంది. కంటి దగ్గర నల్లటి పొట్టు లాంటి రెట్ట కనబడితే ఆ దుంపను వెంటనే తీసేయండి.

మన వేసవిలో ఇంట్లో పెట్టినవి నెల, నెలన్నరకు మించి బాగుండవు. వచ్చే అక్టోబరుకు విత్తనంగా దాచాలన్న ఆశ పెట్టుకోకండి. అది శీతల గిడ్డంగిలో జరిగే పని. వాడి, ముడతలు పడి, పొడుగాటి తెల్ల మొలకలు వేసిన దుంపను నాటితే బలహీనమైన మొక్కే వస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొక్క పచ్చగా ఉంది కదా అని మార్చి వరకు నీళ్ళు పోస్తూనే ఉండటం. ఆకు నిగనిగలాడుతుంటుంది, లోపల దుంపలు మళ్ళీ మొలకెత్తుతుంటాయి. నత్రజని ఎక్కువ వేసిన బ్యాగుల్లో ఇది తప్పకుండా జరుగుతుంది. ఆ మొక్క పండుబారే దాకా చూడొద్దు. మీ ఊరికి పైన చెప్పిన ఆఖరు తేదీ నుంచి పదిహేను రోజులు వెనక్కి లెక్కపెట్టి, పచ్చగా ఉన్నా సరే కాడలు కోసేయండి.

ఒక్క బ్యాగును చూసి అన్నీ తవ్వేయడం. గోడ నీడలో ఉన్న బ్యాగ్, నడి ఎండలో ఉన్న బ్యాగ్ వారం పది రోజుల తేడాతో ముదురుతాయి. దేని గుర్తులు దానివే.

చూద్దాం చూద్దామని మూడు రోజులకోసారి మట్టిలో చేయి పెట్టడం. పెట్టిన ప్రతిసారీ వేళ్ళు తెగుతాయి. పది రోజులకు ఒకసారి చాలు.

కాడలు కోసిన రోజే బోర్లించడం. తొక్క ముదరకుండా తీసిన దుంప వారంలో వడలిపోతుంది.

నవంబర్, డిసెంబర్ తుఫాను వానలకు నానిన బ్యాగులను మామూలు లెక్కతో చూడటం. రెండు మూడు రోజులు నీళ్ళు నిలిచిన బ్యాగులో 60వ రోజునే తడిమి చూడండి. కుళ్ళు తగిలితే ఆగకుండా తీసేయండి.

సరైన సమయానికే తీశారా? తేల్చుకునేదిలా

ఒక మధ్యరకం దుంపను తొక్కతో ఉడికించండి. కోస్తే లోపల పొడిపొడిగా, పిండిగా ఉంటే బాగా ముదిరింది. మైనంలా మెరుస్తూ తడిగా ఉంటే తొందరగా తీశారు. పుఖ్రాజ్ ముదిరినా కొంచెం తడిగానే ఉంటుంది, దాన్ని జ్యోతితో పోల్చకండి.

తూకం వేయండి. నాటిన విత్తన దుంపల బరువుకు ఐదారు రెట్లు వస్తే మిద్దె మీద అది మంచి పంటే. అంతకంటే బాగా తగ్గితే దుంపలను చూడండి. చిన్నవి చాలా ఎక్కువగా ఉంటే తొందరపడ్డారు, లేదా ఒక బ్యాగులో కళ్ళు ఎక్కువ నాటారు. 15 అంగుళాల బ్యాగుకు రెండు ముక్కలు చాలు. దుంపలు కొద్దిగానే ఉండి పెద్దగా ఉంటే సమయం సరిపోయింది, దుంప పట్టే రోజుల్లో, అంటే 30 నుంచి 45 రోజుల మధ్య, వేడో నీటి ఎద్దడో వచ్చింది. బొడిపెలు, గొలుసులా ఒకదానికొకటి అంటిన దుంపలు ఉంటే నీళ్ళు ఒక క్రమంలో పడలేదు. కళ్ళు మట్టిలోనే విచ్చి ఉంటే రెండు మూడు వారాలు ఆలస్యం చేశారు. ఇవన్నీ చీటీ వెనకాల రాసి దాచుకోండి, వచ్చే ఏడు తేదీలు జరపడానికి పనికొస్తాయి.

అమెరికా, కెనడాల్లో పెరట్లో పెంచుతున్న తెలుగువాళ్ళకు కాలం తిరగబడుతుంది. అక్కడ చాలాచోట్ల వసంతంలో నాటి వేసవిలోనో, వేసవి చివరనో తీస్తారు. మొక్క పూర్తిగా పండే దాకా ఆగే వీలు వాళ్ళకుంది. మంచు పడి ఆకు మాడితే అదే కాడ కోసినట్టు లెక్క. రెండు వారాలు ఆగి, మట్టి గడ్డకట్టక ముందే తీయాలి. యూకాన్ గోల్డ్, రెడ్ నార్లాండ్ లాంటివి ముందుగా వస్తాయి, రస్సెట్ బర్బాంక్‌కు ఇంకా ఎక్కువ కాలం కావాలి. మెట్లు 2, 3, 4, 8 అక్కడికీ అలాగే వర్తిస్తాయి.

ఖాళీ అయిన మట్టిని ఆ రోజే ఇంకో కుండీలో పోయకండి. బరకం మీద పలచగా పరిచి వారం పది రోజులు ఎండబెట్టండి, మిగిలిన బుల్లి దుంపలు కనబడితే ఏరేయండి. టమాటా, వంగ, మిరప ఆలుగడ్డకు దగ్గరి చుట్టాలే కాబట్టి వెంటనే వాటికి వాడవద్దు. గుప్పెడు వేపపిండి, నాలుగో వంతు పశువుల ఎరువు కలిపి తోటకూరో గోంగూరో బెండో వేసుకోండి. వేసవికి ఆ మట్టి వాటికి బాగా సరిపోతుంది.